అక్కడే ఎందుకు?

శ్రీసిటీ పారిశ్రామికవాడ చుట్టూ రాష్ట్ర సరిహద్దు, కొండ, చెరువు, ఉప్పునీటి సరస్సు, రాకెట్ కేంద్రం అన్నీ గంటన్నర ప్రయాణంలోనే ఉన్నాయి. వీటిని కలిపి చదివించే డిగ్రీ ఒకటుంది. దాన్ని మన పిల్లలకు మళ్ళీ పరిచయం చేయాలి.

ముందు ఆ సరిహద్దు కథ. 1960 మార్చి 31 రాత్రి సత్యవేడు మద్రాసు రాష్ట్రంలో పడుకుని, తెల్లారి ఆంధ్రప్రదేశ్‌లో లేచింది. తిరుత్తణి తాలూకాలో పెద్ద భాగం అటు వెళ్ళింది. బదులుగా పొన్నేరి తాలూకా నుంచి 76 ఊళ్ళు, తిరువళ్ళూరు తాలూకా నుంచి 72 ఊళ్ళు ఇటు వచ్చాయి. వాటితో చిత్తూరు జిల్లాలో సత్యవేడు పేరిట కొత్త తాలూకా కట్టారు. ఆ పంపకానికి ఆధారం పటాస్కర్ సూత్రం. ఊరిని కొలతగా తీసుకోవాలి, ఆ ఊళ్ళో ఎక్కువమంది ఏ భాష మాట్లాడతారో చూడాలి, పక్క ఊళ్ళతో ఆనుకుని ఉందో లేదో చూడాలి. వినడానికి మూడు చిన్న నియమాలు. కానీ ఇంట్లో తెలుగు, సంతలో అరవం, పెళ్ళి సంబంధాలు రెండు వైపులా ఉన్న చోట ఆ గీత గీయడం ఎంత కష్టమో ఈ ప్రాంతంలో ఏ పెద్దాయన్ని కదిపినా చెబుతాడు.

ఆ గీత గీసిన 48 ఏళ్ళకు, 2008 ఆగస్టులో, సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల నేల మీద శ్రీసిటీ మొదలైంది. ఇప్పుడక్కడ ఇసుజు వాహనాలు, ఆల్‌స్టామ్ మెట్రో బోగీలు, కొబెల్కో తవ్వకం యంత్రాలు, క్యాడ్‌బరీ చాక్లెట్లు, డైకిన్ ఏసీలు తయారవుతున్నాయి. ఒకప్పుడు వేరుశెనగ, వరి, తోపులు, మేత బీడు తప్ప మరేమీ కనబడని చోటది.

ఇంత పరిశ్రమ ఇక్కడే ఎందుకు వచ్చింది? రేణిగుంట దగ్గర ఎందుకు రాలేదు, పుత్తూరులో ఎందుకు రాలేదు? చెన్నై 55 కిలోమీటర్లు. కోల్‌కతా, చెన్నైలను కలిపే 16వ నంబరు జాతీయ రహదారి పక్కనే. దక్షిణాన చెన్నై, ఎన్నూరు రేవులు, ఉత్తరాన కృష్ణపట్నం. చెన్నై చుట్టూ అప్పటికే వేళ్ళూనుకున్న కార్ల పరిశ్రమ, దానికి విడిభాగాలు ఇచ్చే వందల యూనిట్లు. అన్నిటికన్నా ముఖ్యం, మహానగరపు లాభాలన్నీ అందేంత దగ్గరగా ఉంటూనే భూమి ధరా, ప్రభుత్వ రాయితీలూ వేరే రాష్ట్రానివి. పరిశ్రమ ఎక్కడ పెడితే గిట్టుబాటవుతుందని ఆల్‌ఫ్రెడ్ వెబర్ అనే జర్మన్ పండితుడు 1909లో ఒక సిద్ధాంతం రాశాడు. రవాణా ఖర్చు, కూలి, సాటి పరిశ్రమల సాన్నిహిత్యం ఆయన లెక్కలో ఉన్నాయి. శ్రీసిటీ లెక్కలో వాటికి తోడు 1960 నాటి ఆ సరిహద్దు గీత కూడా ఉంది. వెబర్ పుస్తకం పక్కన పెట్టుకుని శ్రీసిటీ పటం చూసే విద్యార్థికి, సిద్ధాంతం ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ చాలదో ఒక్క మధ్యాహ్నంలో అర్థమవుతుంది.

జాగ్రఫీ డిగ్రీ అంటే ఇదే. రాజధానుల పేర్లు, నదుల పొడవులు వల్లె వేయడం కాదు. ఒకటి అక్కడే ఎందుకుంది, అక్కడ ఉండటం వల్ల దాని పక్కనున్నవి ఏమవుతున్నాయి అని పద్ధతిగా అడగడం, కొలిచి జవాబు చెప్పడం.

రెండు షీట్ల నడుమ ఒక ఊరు

డిగ్రీలో జాగ్రఫీ తీసుకున్నవాళ్ళకు మొదటి ఏడాది సాధారణంగా భూస్వరూపాలు, శీతోష్ణస్థితి ఉంటాయి. కొండ ఎలా లేచింది, నది ఎలా కోసింది, గాలి ఎందుకు తిరిగింది. ఆ తరువాత మనుషులు వస్తారు: జనాభా, వలసలు, ఊళ్ళు, పట్టణాలు, సాగు, పరిశ్రమలు, సరిహద్దులు. చివరకు వచ్చేసరికి ఉపగ్రహ చిత్రాలు చదవడం, కంప్యూటర్ మీద పటాలు కట్టే జీఐఎస్. భౌతికశాస్త్రం, గణాంకాలు, చరిత్ర, ఆర్థికశాస్త్రం అన్నీ ఒకే విద్యార్థి బల్ల మీదికి వచ్చే డిగ్రీలు చాలా తక్కువ. నా మటుకు ఈ చదువు అసలు బలం అదే. దాన్ని పలచని చదువని చులకన చేసేవాళ్ళు ఒక్కసారి దాని ప్రాక్టికల్ రికార్డు తెరిచి చూడాలి.

ప్రాక్టికల్స్ అన్నిట్లోకీ నాకు ఇష్టమైంది టోపోషీట్. సర్వే ఆఫ్ ఇండియా ముద్రించే ఈ పటాల్లో విద్యార్థులు ఎక్కువగా వాడేది 50 వేలకు ఒకటి కొలమానంలో ఉన్నది. అంటే పటం మీద 2 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. సాగు భూమి పసుపు, అడవి పచ్చ, రోడ్లూ ఇళ్ళూ ఎరుపు, నీళ్ళు నీలం. గోధుమరంగులో పాముల్లా పోయే గీతలు సమోన్నత రేఖలు, ఒక్కో గీతకు 20 మీటర్ల ఎత్తు తేడా. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉండే వాగుల్ని నీలంతో కాదు, నలుపుతో గీస్తారు. రాయలసీమ షీట్లలో నల్లగీతలే ఎక్కువ. ఎవరూ చెప్పకపోయినా ఆ రంగే ఈ నేల కష్టాన్ని చెప్పేస్తుంది.

శ్రీసిటీ ఉన్నది దాదాపు సరిగ్గా 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. టోపోషీట్ల పాత నంబర్ల వరసలో ఆ రేఖ దగ్గరే ఒక షీటు ముగిసి ఇంకోటి మొదలవుతుంది. సత్యవేడు 57 ఓ షీట్లలో ఉంటుంది, తడ 66 సి షీట్లలో ఉంటుంది. రెండూ కలిపి చూడాలంటే షీట్లు పక్కపక్కన పరిచి అంచులు సరిచూసుకోవాలి. అలా పరిచి, పడమట కంబాకం కొండల నుంచి తూర్పున పులికాట్ దాకా పెన్సిలుతో ఒక అడ్డగీత గీసి, గ్రాఫు కాగితం మీద దాని ఎత్తుపల్లాలు దించమంటే ఏం తేలుతుందో చూడండి. పడమటి అంచున గోధుమ గీతలు ఒకదాన్నొకటి రాసుకుంటూ కిక్కిరిసి ఉంటాయి. ఉబ్బలమడుగు జలపాతం ఆ ఇరుకులోదే. అక్కడి నుంచి తూర్పుకు వస్తుంటే గీతల మధ్య ఎడం పెరుగుతూ పోతుంది. తడ దాటేసరికి గీతలే ఉండవు. కొండల మీద పడ్డ వాన ఈ వాలంతా దిగి సరస్సు చేరడానికి మధ్యలో ఏ ఏ చెరువులు పట్టుకుంటున్నాయి, ఏ రోడ్డు కట్ట అడ్డం పడుతోంది అన్నది ఆ గ్రాఫు కాగితం మీదనే కనబడటం మొదలవుతుంది.

ల్యాబులో ఇంకో పనిముట్టు ఉంటుంది, స్టీరియోస్కోపు. విమానం నుంచి కాస్త ఎడంతో తీసిన రెండు ఫొటోలను దాని కింద పెట్టి సర్దుతూ ఉండాలి. మొదట రెండు బొమ్మలూ విడివిడిగా తేలుతుంటాయి. కళ్ళు కుదురుకున్న ఒక క్షణంలో కొండ కాగితం మీంచి నిజంగానే పైకి లేచి నిలబడుతుంది, లోయ కిందికి దిగుతుంది. ఆ క్షణం చూసిన పిల్లలు ‘సార్, లేచింది!’ అని అరవకుండా ఉండలేరు. కంప్యూటర్ తెర మీద త్రీడీ బొమ్మలు ఎన్ని చూసినా ఈ అనుభవానికి సాటి రావు. ఎందుకంటే ఇక్కడ కొండను నిలబెట్టింది మన కళ్ళే.

ఇక క్షేత్ర పర్యటన. తిరుపతిలో ఉన్న విద్యార్థికి ఇంటి పక్కనే దేశం మొత్తం వచ్చి చూడదగ్గ తరగతి గది ఉంది. తిరుమల ఘాట్ రోడ్డు అంచున కింద ఆర్కియన్ కాలపు గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా నగరి క్వార్ట్‌జైట్. రెండింటి నడుమ కోట్ల సంవత్సరాల కాలం రాతిలో నమోదు కాకుండా జారిపోయింది. భూగర్భశాస్త్రవేత్తలు దీన్ని ఎపార్కియన్ అసంగతి అంటారు. జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. రోజూ వేలమంది దాని ముందు నుంచే బస్సుల్లో కొండెక్కుతారు.

చదివేవాళ్ళు ఎందుకు తగ్గారు

‘జాగ్రఫీనా? టీచరు కావాలనా?’ ఈ చదువు ఎంచుకున్న పిల్లలు ఇంట్లో వినే మొదటి మాట ఇదే. బడిలో సాంఘిక శాస్త్రం ఒకే సబ్జెక్టు. చరిత్ర, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం, భూగోళం అన్నీ అందులోనే. చెప్పే ఉపాధ్యాయుల్లో ఎక్కువమంది డిగ్రీలో చరిత్రో, ఎకనామిక్సో చదివినవాళ్ళు. పటాల పాఠం వచ్చేసరికి ‘ఇండియా మ్యాపులో గుర్తించండి’ అనే కొద్ది మార్కుల ప్రశ్నగా కుదించుకుపోతుంది. ఇంటర్‌కు వెళితే జాగ్రఫీ ఉన్న కాలేజీ వెతుక్కోవాలి. పదో తరగతి తరువాత రెండేళ్ళు పూర్తిగా దూరమైన సబ్జెక్టును డిగ్రీలో ఎవరు కోరుకుంటారు?

2023-24 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదువు ఒకే మేజర్ పద్ధతికి మారింది. అంతకుముందు బీఏలో మూడు సబ్జెక్టుల గుంపు ఉండేది. చరిత్ర కోసమో ఎకనామిక్స్ కోసమో చేరిన పిల్లలకు పక్కనే జాగ్రఫీ కూడా తగిలేది, కొందరికి అదే నచ్చి పీజీకి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు పదిహేడేళ్ళ వయసులోనే ‘నా మేజర్ జాగ్రఫీ’ అని తేల్చి చెప్పాలి. బడిలో పరిచయమే లేని సబ్జెక్టుకు ఇది పెద్ద దెబ్బ. ఒక మేజర్‌ను లోతుగా చదవడం మంచిదే. ఆ మంచి జరగాలంటే ముందు ఇంటర్‌లో ఈ సబ్జెక్టును బతికించాలి.

విశ్వవిద్యాలయాల స్థాయిలో మనకు వారసత్వం లేకపోలేదు. దేశంలో జాగ్రఫీకి ప్రత్యేక విభాగం పెట్టిన తొలి విశ్వవిద్యాలయాల్లో అలీగఢ్ ఒకటి, 1924లో. 1926లో మద్రాసులో ఏర్పడిన భూగోళ సంఘం తరువాత అఖిల భారత స్థాయికి ఎదిగింది. ఉస్మానియాలో ప్రొఫెసర్ ఎస్. మంజూర్ ఆలం హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాల మీద చేసిన అధ్యయనం 1965లో పుస్తకంగా వచ్చింది. మన నగరాల భూగోళం గురించి తెలుసుకోవాలనుకునేవారు ఇప్పటికీ దాన్ని వెతుక్కుని చదువుతారు. 1954లో తిరుపతిలో పుట్టిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ జాగ్రఫీ విభాగం ఉంది. రాయలసీమ కరవు, చెరువులు, భూవినియోగం మీద పనిచేయాలనుకునే పిల్లలకు అదే దగ్గరి గుమ్మం.

ఈ సబ్జెక్టును శంకించింది మనవాళ్ళొక్కరే కాదు. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1948లో తన జాగ్రఫీ విభాగాన్ని మూసేసింది. దాన్ని చూసి మరికొన్ని పెద్ద విశ్వవిద్యాలయాలూ అదే దారి పట్టాయి. 2006లో అదే హార్వర్డ్ భౌగోళిక విశ్లేషణ కోసం ఒక కేంద్రాన్ని తెరవాల్సి వచ్చింది. అంటువ్యాధులు చదివేవాళ్ళు, చరిత్రకారులు, ఆర్థికవేత్తలు, నగర ప్రణాళికలు వేసేవాళ్ళు అందరికీ ‘ఎక్కడ’ అన్న ప్రశ్న అవసరపడింది. ఆ 58 ఏళ్ళలో అక్కడ తయారు కాకుండా పోయిన విద్యార్థుల తరాలను మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

కావలి వారి తొవ్వ

మనవాళ్ళకు ఇది కొత్త విద్య కాదు. ఆధునిక పద్ధతిలో సర్వే నేర్పే బడి 1794లో మద్రాసులో మొదలైంది. తరువాతి కాలంలో గిండీ ఇంజనీరింగ్ కాలేజీగా ఎదిగింది ఆ బడే. 1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ సెయింట్ థామస్ మౌంట్ దగ్గర దాదాపు 12 కిలోమీటర్ల ఆధార రేఖను గొలుసుతో కొలిచాడు. దేశమంతటినీ త్రిభుజాలుగా కట్టి కొలిచిన మహా సర్వేకు అది తొలి అడుగు. శ్రీసిటీ నుంచి కారులో పోతే ఆ కొండ రెండు గంటల దారి.

అదే కాలంలో కాలిన్ మెకంజీ మైసూరు, దత్తమండలాలు కొలుస్తూ తిరిగాడు. 1815లో ఆయనే భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయన పేరు అందరికీ తెలుసు. ఆయన వెంట నడిచిన ఏలూరు అన్నదమ్ములు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామిల పేర్లు మాత్రం చరిత్ర విద్యార్థులకు తప్ప తెలియవు. ఊరూరా తిరిగి కరణాలతో మాట్లాడి, గుడి శాసనాలు ఎత్తి రాసి, చెరువు ఎవరు తవ్వించారు, పొలిమేర ఎక్కడి నుంచి ఎక్కడికి, ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది అని రాబట్టింది వాళ్ళూ, వాళ్ళ కింద పనిచేసిన తెలుగు, తమిళ, కన్నడ సహాయకులూ. మనం ఇవాళ కైఫీయతులని చదువుకుంటున్నవి ఆ పనిలో పోగైనవే. ఈనాటి పరిభాషలో చెప్పాలంటే అది మానవ భూగోళశాస్త్రంలో క్షేత్ర అధ్యయనం. బొర్రయ్య 1803లోనే పోయాడు. 1821లో మెకంజీ పోయాక ఆ పని కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగితే, నేటివ్‌కు అంత యోగ్యత లేదని దొరలు ఒప్పుకోలేదు. రామస్వామి 1828లో దక్కన్‌లోని ఊళ్ళూ నగరాల గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకమే అచ్చు వేయించాడు. మన డిగ్రీ సిలబస్‌లో ఈ శాస్త్రానికి పునాది వేసిన హంబోల్ట్ ఉన్నాడు, రిట్టర్ ఉన్నాడు. ఉండాలి. వాళ్ళ పక్కన ఈ ఏలూరు అన్నదమ్ములకూ ఒక పాఠం ఉండాలి.

వాన వచ్చే నెల

సత్యవేడు పిల్ల సాంఘిక పుస్తకంలో చదువుతుంది: మనకు వానలు నైరుతి రుతుపవనాల వల్ల, జూన్‌లో మొదలు. ఇంటికొచ్చి చూస్తే ఊరి చెరువులో నెర్రెలు. ఆ చెరువు నిండేది ఆశ్వయుజం పోయి కార్తీకం వచ్చాక, తూర్పు నుంచి వాయుగుండం లేచినప్పుడు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు బరువు దించుకుంటాయి. మన తూర్పు అంచుకు అసలు బలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య వాన. పుస్తకం చెప్పింది దేశానికి సరిపోతుంది, ఈ పిల్ల ఊరికి సరిపోదు. ఆ తేడా ఎందుకని అడగడం నేర్పితే జాగ్రఫీ అక్కడే మొదలైనట్టు. చిత్తూరు దారిలో గాదంకి వద్ద జాతీయ వాతావరణ పరిశోధనశాల రాడార్లతో పై గాలుల కదలికలు కొలుస్తుంటుంది. ఇంత దగ్గరలో అలాంటి చోటు ఉన్న విద్యార్థులు దేశంలో ఎంతమంది?

ఇదంతా పరీక్షల కోసం చెప్పుకునే మాట కాదు. 2021 నవంబరులో తిరుపతిలో వీధులు వాగులయ్యాయి. స్వర్ణముఖి పొంగింది. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్ట లీకైందని కింది పల్లెలను ఖాళీ చేయించారు. అదే నెలలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు పల్లెలు కొట్టుకుపోయాయి. 2023 డిసెంబరు మొదట్లో మిచాంగ్ తుపాను తీర మండలాలను ముంచెత్తింది. ప్రతిసారీ వాన మీద నెపం వేస్తాం. వాన ఎక్కువే, నిజం. కానీ శేషాచలం నిటారు వాలు మీద పడ్డ నీరు నిమిషాల్లో కిందికి దిగుతుంది. దిగిన నీటిని పట్టుకోవడానికి పెద్దలు ఒకదాని అలుగు ఇంకోదాంట్లోకి పారేలా గొలుసుకట్టు చెరువులు కట్టారు. నడుమ ఒక్క చెరువు పూడినా, ఒక్క కాలువ మీద లేఅవుట్ పడినా ఆ నీటి బరువంతా కింది చెరువు మీద పడుతుంది. ఏ వీధి మునుగుతుందో చెప్పడానికి వాన కొలత ఒక్కటే చాలదు. పాత టోపోషీట్ మీద చెరువులు గుర్తించి, ఇప్పటి ఉపగ్రహ చిత్రం దాని మీద పరిచి, ఏ అలుగు దారి మీద ఏ కాలనీ లేచిందో చూపించాలి. మూడో ఏడాది జాగ్రఫీ విద్యార్థి చేయగల ప్రాజెక్టు ఇది. ప్రతి పురపాలక సంఘంలో అలాంటి పటం గోడకు ఉండాలి. ఇంటి ప్లానుకు అనుమతి ఇచ్చే ముందు అధికారి దాని వైపు తలెత్తి చూడాలి.

సత్యవేడు పక్క నుంచే ఇంకో నీళ్ళ కథ పోతుంది. 1983 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు కుదుర్చుకున్న తెలుగుగంగ ఒప్పందం ప్రకారం కృష్ణా నీళ్ళు కండలేరు నుంచి 152 కిలోమీటర్ల కాలువలో వచ్చి, ఊతుకోట దగ్గర జీరో పాయింట్‌లో సరిహద్దు దాటి పూండి జలాశయం చేరతాయి. చెన్నైకి ఏటా 12 టీఎంసీలు ఇవ్వాలన్నది మాట. నీళ్ళు తొలిసారి సరిహద్దు దాటింది 1996లో. మహారాష్ట్ర కొండల్లో పుట్టిన నది నీళ్ళు మద్రాసు కొళాయిలో పడటానికి ఎన్ని పరీవాహక ప్రాంతాలు, ఎన్ని ప్రభుత్వాలు, ఎంతమంది రైతుల పొలాలు దాటాలో ఈ కాలువ గట్టు మీద నిలబడి చెప్పించే పాఠం ఏ తరగతి గదిలోనూ దొరకదు.

ప్రళయ కావేరి, పక్కనే షార్

తడ నుంచి తూర్పుకు కాస్త పోతే పులికాట్. తెలుగులో ప్రళయ కావేరి. చిల్కా తరువాత దేశంలో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం మన వైపు, దక్షిణపు కొస తమిళనాడు వైపు. సగటు లోతు మనిషి నడుము దాకా రాదు, దాదాపు ఒక్క మీటరు. దక్షిణాన ఆరణి, మధ్యలో కాళంగి తెచ్చే మంచినీరు, ముఖద్వారాల నుంచి వచ్చే సముద్రపు నీరు కలిసే నిష్పత్తి మీద ఈ సరస్సు బతుకంతా ఆధారపడింది. ముఖద్వారం ఇసుకతో పూడితే ఆటుపోటు ఆగుతుంది, ఎండాకాలంలో ఉప్పు పేరుకుంటుంది, రొయ్యా చేపా తగ్గుతాయి, జాలరి బతుకు దెబ్బతింటుంది. ఇరకం, వేనాడు వంటి దీవుల మనుషుల జీవితం, వాళ్ళ మాట, వాళ్ళ తిండి స.వెం.రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’లో ఉన్నాయి. అది కథల పుస్తకం. అయినా ఈ సరస్సు మీద పనిచేయాలనుకునే జాగ్రఫీ విద్యార్థి ముందుగా చదవాల్సిన పుస్తకం అదేనని నేను గట్టిగా నమ్ముతాను. చెట్టు పేరు, చేప పేరు, నీటి తీరు పేరు తెలియకుండా లెక్కలు తీస్తే ఆ లెక్కలు ఎవరివో తెలియదు.

సరస్సుకు అవతల, సముద్రానికి ఇవతల ఇసుక దీవి శ్రీహరికోట. ‘షార్’ అని పిలిచే రాకెట్ కేంద్రం అక్కడే ఎందుకు? తూర్పున వెయ్యి కిలోమీటర్లకు పైగా మనుషులు లేని సముద్రం. భూమి తిరిగేది పడమర నుంచి తూర్పుకు కాబట్టి తూర్పు వైపు ఎగిరే రాకెట్‌కు ఆ వేగం కలిసొస్తుంది. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ ఆ లాభం పెరుగుతుంది. కానీ ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాన్ని దక్షిణానికి వదలాలంటే దారిలో శ్రీలంక అడ్డం. దాని మీదుగా పోకుండా పీఎస్‌ఎల్‌వీ ఆకాశంలో వంపు తిరగాలి, ఆ వంపుకు ఇంధనం ఖర్చు, ఆ మేరకు మోయగల బరువు తగ్గుతుంది. చిన్న రాకెట్లకు ఆ నష్టం తట్టుకోవడం కష్టం. అందుకే తమిళనాడు దక్షిణ కొసన కులశేఖరపట్టణంలో రెండో కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన చేశారు. ఒక దీవి ఎక్కడుందన్న విషయం రాకెట్ బరువును నిర్ణయిస్తుందని చెబితే ఏ పిల్లాడైనా చెవులు రిక్కించి వింటాడు.

ఇక్కడి నుంచి వెళ్ళిన ఉపగ్రహాలే మనకు నేలను చూపిస్తున్నాయి. 1994లో పీఎస్‌ఎల్‌వీ తొలి విజయంతో వెళ్ళింది భూపరిశీలన ఉపగ్రహమే. 2005లో కార్టోశాట్-1 వెళ్ళింది. 2025 జులై 30న నాసా, ఇస్రో కలిసి చేసిన నైసార్ వెళ్ళింది. అది 12 రోజులకొకసారి భూమిని రాడార్‌తో చుట్టి చూస్తుంది, మబ్బు పట్టినా రాత్రయినా దానికి అడ్డు లేదు. ఆ చిత్రాలు హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికి చేరతాయి. భువన్ పోర్టల్‌లో కొన్నిటిని ఎవరైనా చూడొచ్చు. చిత్రం ఉండటం వేరు, చదవడం వేరు. తెల్లగా కనబడేది ఉప్పు మడా, ఎండిన ఇసుకా, రేకుల షెడ్డా అని తేల్చాలంటే నేల మీద నడిచిన కళ్ళు కావాలి.

ఉద్యోగం మాట

తల్లిదండ్రుల ప్రశ్నకు దాచకుండా జవాబు చెప్పాలి. ఒట్టి బీఏ పట్టాతో, జీఐఎస్ చేతికి రాకుండా బయటికొస్తే దారులు తక్కువే. బీఈడీ చేసి స్కూల్ అసిస్టెంట్, పీజీ చేసి నెట్ రాసి లెక్చరర్, లేదంటే గ్రూప్స్. సివిల్స్‌లో జాగ్రఫీని ఆప్షనల్‌గా తీసుకునేవాళ్ళు ఏటా చాలామందే. అవన్నీ గౌరవమైన దారులు. కానీ ఆ డిగ్రీ అక్కడితో ఆగనక్కర్లేదు.

2021 ఫిబ్రవరిలో కేంద్రం పటాల తయారీ మీద పాత ఆంక్షలు చాలావరకు ఎత్తేసింది. అంతకుముందు ప్రైవేటు సంస్థ ఒక పటం చేయాలంటే అనుమతుల చుట్టూ తిరగాలి. 2022 డిసెంబరులో జాతీయ జియోస్పేషియల్ విధానం వచ్చింది. వందేళ్ళ నాటి భూమి రికార్డులను సరిచేయడానికి ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివర్లో డ్రోన్లతో రీసర్వే మొదలైంది. కొలత ఎంత ఖచ్చితంగా వచ్చినా, గట్టు ఎవరిది, బాట ఎప్పటి నుంచి ఉంది అన్న చోట ఎన్ని తగాదాలు లేచాయో ప్రతి ఊరికీ తెలుసు. యంత్రం అక్షాంశ రేఖాంశాలు చెబుతుంది. ఊరితో మాట్లాడి ఆ గీతను ఒప్పించగలిగిన మనిషి కావాలి. 1991లో హైదరాబాద్‌లో మొదలైన సైయంట్ వంటి సంస్థ కాగితం పటాలను డిజిటల్ చేసే పనితోనే దేశదేశాలకు ఎదిగింది. ఇప్పుడు సరుకు రవాణా, బీమా, సౌర విద్యుత్తు, టెలికాం, విపత్తు నిర్వహణ అన్నీ ఈ నైపుణ్యం అడుగుతున్నాయి. ఆ ఉద్యోగాలకు ఇంజనీర్లతో పోటీ ఉంటుంది, కోడింగ్ కొంతైనా రావాలి. పటాలు కట్టే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితంగా దొరుకుతుంది, పైథాన్ నేర్చుకోవడానికి బీటెక్ అక్కర్లేదు. నేల తెలిసి కోడు కూడా రాసే పిల్లకు నేను ఎవరికన్నా ముందు ఉద్యోగం ఇస్తాను.

కాలేజీలో చేరే ముందు నాలుగు ప్రశ్నలు అడగమని చెబుతాను. జీఐఎస్ ల్యాబు నిజంగా నడుస్తోందా, తాళం వేసి ఉందా? ఏటా క్షేత్ర పర్యటనకు తీసుకెళ్తారా? జాగ్రఫీ చదివిన అధ్యాపకులు ఎంతమంది పర్మినెంటు? చివరి ఏడాది ప్రాజెక్టు పిల్లలే చేస్తారా, బయట కొని బైండింగు చేయిస్తారా?

ఈ ఒక్క తిరుపతి జిల్లాలోనే ఎస్వీ విశ్వవిద్యాలయం ఉంది. ఏర్పేడు వైపు ఐఐటీ, భూమి, వాతావరణ శాస్త్రాలు నేర్పే ఐసర్ ఉన్నాయి. శ్రీసిటీలో ట్రిపుల్ ఐటీ, పర్యావరణ అధ్యయనాలు ఉన్న క్రియా విశ్వవిద్యాలయం ఉన్నాయి. కంప్యూటర్ ఒకరి దగ్గర, వాతావరణం ఒకరి దగ్గర, జాగ్రఫీ ఒకరి దగ్గర. వీళ్ళంతా కలిసి సూళ్ళూరుపేటలోనో తడలోనో ఒక ఉమ్మడి క్షేత్ర కేంద్రం పెట్టాలి. దానికి భవనాలు అక్కర్లేదు. రెండు గదులు, ఒక పడవ, నీటి ఉప్పదనం కొలిచే పరికరం, వానమాపకం, చేతి జీపీఎస్‌లు నాలుగు, స్థానిక జాలరుల్లో ఇద్దరికి జీతం. ప్రతి నెలా ముఖద్వారం లోతు, సరస్సు ఉప్పదనం, సత్యవేడు నుంచి తడ దాకా చెరువుల నీటిమట్టం, శ్రీసిటీకి ఏ ఊరి నుంచి ఎంతమంది ఎన్ని బస్సుల్లో వస్తున్నారన్న లెక్క నమోదు చేయాలి. ఎస్వీయూ పిల్లలు కొలుస్తారు, ట్రిపుల్ ఐటీ పిల్లలు దాన్ని అందరూ చూడగలిగే పటంగా మారుస్తారు. పదేళ్ళు ఆపకుండా చేస్తే కలెక్టరేట్‌లోనూ, కంపెనీల్లోనూ, దీవుల్లోనూ పనికొచ్చే లెక్క చేతిలో ఉంటుంది. పరిశ్రమలు తమ సామాజిక బాధ్యత నిధుల్లో చిన్న భాగం దీనికి ఇస్తే చాలు. వచ్చే విద్యా సంవత్సరానికే మొదలుపెట్టొచ్చు.